బస్సు మెట్టు మీద ఇచ్చిన సలహా

నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పుకు ఎంతసేపు పట్టిందో కచ్చితంగా చెప్పగలను. వై.ఎన్.హొసకోట బస్టాండులో పావగడ బస్సు కదిలాక, కండక్టరు రెండోసారి ఈల వేసేంత సేపు. అంతే. దాన్ని సరిదిద్దుకోవడానికి మాత్రం ఒక వానాకాలం పట్టింది.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "సార్, మీ సక్సెస్ స్టోరీ ఒకటి చెప్పండి" అంటారు. సక్సెస్ స్టోరీలు ఆఫీసు బీరువాల్లో బోలెడున్నాయి నాయనా, వాటిలో సగం నేనే రాశాను, అందుకే వాటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. మీకు పనికొచ్చేది ఇది. వినండి.

ఎనభైల నడిమి సంవత్సరాలు. నాకు ఇరవై నాలుగేళ్ళు. వ్యవసాయ డిగ్రీ పట్టాకు ఇంకా కొత్తవాసన పోలేదు. హొసకోట హోబ్లీకి, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి, వ్యవసాయ సహాయకుడిగా వేశారు. అప్పట్లో ఆ నేలలో ఎటు చూసినా చెనిక్కాయే. వేరుశనగ అని నేను చార్టుల్లో రాసేవాణ్ణి గానీ ఆ మాట అక్కడ ఎవరి నోటా వినలేదు. వాన పడితే పంట, పడకపోతే ఎండు కట్టె. ఏడాదిలో విత్తడానికి సరైన పదును దొరికేది ఒక్కసారో రెండుసార్లో. ఎర్రగరుసు నేల కదా, వాన పడ్డ నాలుగో రోజుకు తడి కిందికి జారిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో ఊరందరికీ ఎద్దులు కావాలి, ఊరందరికీ మనుషులు కావాలి.

హొసకోటకు రెండు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త పోయి రెండేళ్ళు. ఆమె పేరు చెప్పను, ఈ కథలో ఎవరి పేరూ చెప్పను. ఎకరం కూడా నిండని చేను ఆమె వంతుకు వచ్చింది. ఆడమనిషి ఒక్కతే సేద్యం ఏం చేస్తుంది, నాకిచ్చేయమని ఆమె మరిది పట్టుబట్టాడు. ఇంటి పెద్దలు కూర్చుని ఒక తీర్పు చెప్పారు: ఈ ఒక్క కారు, అంటే ఈ పంటకాలం, ఆమె చేసుకోవాలి. పంట తీస్తే చేను ఆమెదే. తీయలేకపోతే సేద్యం మరిది చేతికి పోతుంది, ఆమెకు ఏటా తిండిగింజలు కొలుస్తాడు. ఆ కారులోనే ఆమె నా దగ్గరికి వచ్చి, "నా చేన్లో మీ పద్దతి సేస్తా సార్" అంది. నేను పొంగిపోయి, గెనిమ మీద, అంటే చేని గట్టు మీద, ప్రదర్శనా క్షేత్రం అని బోర్డు పాతేశాను.

ఆ పద్ధతి ఏమంటే, ఎరువు ఒక సాలులో ముందు వేసి మన్ను కప్పాలి. విత్తనం దానికి కాస్త పక్కగా, కాస్త పైన పడాలి. రెండింటికీ నడుమ రెండు వేళ్ళ మందం మన్ను ఉండాలి. దీనికి నా దగ్గర రంగుల చార్టు ఉండేది. ఊరూరా తాటాకు పందిళ్ళ కింద దాన్ని వేలాడదీసి బెత్తంతో చూపించేవాణ్ణి. ఎందుకు అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చార్టులో ఉంది కాబట్టి చెయ్యాలి, అంతే.

అక్కడ విత్తడం అంటే మగవాడు మడక, అంటే నాగలి, తోలుతుంటే వెనకాలే ఆడమనిషి చీర కొంగును ఒడిగా కట్టుకుని, ఆ ఒడిలోంచి విత్తనం తీసి సాలులో వేస్తూ నడవడం. ఒక మడక, ఒక ఒడి. నా పద్ధతికి రెండు ఒళ్ళు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, ఎద్దులు రెండింతలు తిరగాలి. ఈ చిన్న సంగతి నా చార్టులో లేదు.

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. మూడో రోజు పొద్దున నేను పావగడలో నెలవారీ మీటింగుకు బయల్దేరాను. ఆలస్యమైతే పై అధికారి అందరి ముందూ నిలబెట్టి అడుగుతాడని భయం. కదులుతున్న బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టానో లేదో, ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్, ఎద్దులు ఈ పొద్దుకే దొరికినాయి. రేపు లేవంట. ఎనకాల నేనొక్కదాన్నే. ఎరువూ ఇత్తనమూ ఒకే ఒళ్ళో కలిపి ఏస్తే అయితాదా?"

కండక్టరు ఈల వేశాడు. "ఆ, వేసేయమ్మా, ఏం కాదు!" అని అరిచి లోపలికి ఎక్కేశాను. సీటు దొరికింది. పావగడ కొండ కనబడేసరికి ఆ మాట నా బుర్రలోంచి పూర్తిగా పోయింది. మీటింగులో మొదటి వరసలో కూర్చున్నాను.

ఎనిమిదో రోజు ఆమె ఆఫీసుకు వచ్చింది. "చుట్టూ అందరివీ మొలిసినాయి సార్. నాది మొలవలే." సైకిలెక్కి వెళ్ళాను. నిజమే. అటు పక్క చేను, ఇటు పక్క చేను పచ్చగా తలెత్తి ఉన్నాయి, మధ్యలో ఈమె చేను ఎర్రగా బోడిగా ఉంది. మరిది గెనిమ మీద నిలబడి ఉన్నాడు.

"ఆపీసరు మాట ఇనింది మా వదిన. ఇప్పుడు సూడు సార్, గొరిగిన తల మాదిరి ఉండాది చేను" అన్నాడు.

నాకు చుర్రుమంది. వంగి ఒక సాలు గీకి ఒక గింజ తీశాను. పైన ఆరిపోయినా లోపల మన్ను చల్లగా తడిగానే ఉంది. గింజ మాత్రం ఉబ్బలేదు. పైపొర ముడతలు పడి, వేళ్ళ మధ్య నలిపితే తోలులా సాగింది. నేను లేచి నిలబడి, కోర్టులో తీర్పు చెప్పినంత ధీమాగా, "విత్తనం చచ్చిపోయిందమ్మా. నీ విత్తనంలో జీవం లేదు. శాఖ విత్తనం తీసుకోమని చెప్పాను కదా" అన్నాను.

ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ విత్తనం ఆమె చేతి విత్తనం. పోయినేడు కాయల్లో నిండు కాయలు ఏరి, ఎండబెట్టి, వేపాకు వేసి కుండలో దాచి, ఎండాకాలమంతా ఇంట్లో తిండికి ఎంత కటకటైనా ముట్టకుండా కాపాడింది. వాన పడే ముందు కూర్చుని ఒక్కొక్క కాయ చేత్తో ఒలిచింది. "నా ఇత్తనం సావలేదు సార్" అంది. గొంతు పెంచలేదు. చేను చివరికి వేలు చూపించింది. "అద్దో, ఆ కడపటి నాలుగు సాళ్ళు సూడు. ఆడ మొలిసింది గదా. అదీ నా ఇత్తనమే."

చూశాను. గెనిమ పక్కన నాలుగు సాళ్ళు పచ్చగా ఉన్నాయి. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించకుండా, "గెనిమ పక్కన తడి ఎక్కువుంటుందిలేమ్మా" అనేశాను. చచ్చిన విత్తనం తడికి బతుకుతుందా అని ఎవరూ నన్ను అడగలేదు. డిగ్రీ ఉన్నవాణ్ణి ఆ రోజుల్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆఫీసులో నాతో పాటు ఒక పెద్దాయన పనిచేసేవాడు. రిటైరు కావడానికి ఏడాది ఉంది. కరువుల మీద కరువులు చూసినవాడు, ఫైళ్ళ విద్యలో ఆరితేరినవాడు. నేను డైరీలో ఏం రాయాలా అని పెన్ను కొరుకుతుంటే, "విత్తన దోషం అని రాసేయప్పా. ఆ మాటకు ఎదురు ప్రశ్న రాదు. రికార్డు సల్లగా ఉంటాది" అన్నాడు. రాసేశాను. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

రెండు రోజుల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. చేతిలో తడిగుడ్డ మూట. నా బల్ల మీద, సరిగ్గా ఆ డైరీ మీదే పెట్టి విప్పింది. లోపల చెనిక్కాయ గింజలు. ప్రతి గింజకూ తెల్లటి మొలక. నేను చచ్చిందని తీర్పు చెప్పిన విత్తనాన్ని మొలకెత్తించి తెచ్చింది ఆ మనిషి.

"ఇత్తేటప్పుడు మిగిలిన పిరికెడు గింజలు సార్. అదే కుండలోవి. ఉత్త నీళ్ళల్లో తడిపి కట్టి పెట్టినా. సచ్చిన ఇత్తనమైతే మొలిసేదేనా?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.  సైకిలు తీసి ఆమెతో పాటే నడిపించుకుంటూ చేనికి పోయాను. ఈసారి ఒక గింజ కాదు, మూర పొడవు సాలు నెమ్మదిగా చేత్తో తవ్వాను. ప్రతి గింజకూ ఆనుకునే ఎరువు గుళ్ళు, సగం కరిగి, మన్నుకు తెల్లటి చార అంటించి ఉన్నాయి. ఆ మన్ను కొంచెం నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా, చేదుగా ఉంది. పొటాషు కలిపిన ఎరువు అది.

"ఇదేంది? విత్తనంలోనే ఎరువు కలిపేశావా? చార్టులో అంత చెప్పాను కదా. ఎవరు కలపమన్నారు నిన్ను?" అని అరిచాను.

మరిది పక్కనే ఉన్నాడు. ఆమె ఒక క్షణం అతని వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"నువ్వే గద సార్. ఆ పొద్దు బస్సులోంచి."

చేను మధ్యలో నిలబడ్డ నాకు బస్టాండు మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది. ఈల, మెట్టు, నా గొంతు. "మరి మొన్న వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "తిక్కదాన్ని, నీకు గుర్తు ఉండాది అనుకున్నా" అంది. పొడిచిపొడిచి అడిగినా అంత నొప్పి పుట్టేది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను. మరిది వినేలాగానే, "నేనే చెప్పాను. తప్పు నాది. విత్తనానిది కాదు, మీ వదినది కాదు" అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి పట్టిన ధైర్యం ఇంకెప్పుడూ ఏ మీటింగులోనూ అవసరపడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది కాలేజీ ప్రయోగశాల. ఊదారంగు ఆకు పైపొరను సన్నగా ఒలిచి గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసేవాళ్ళం. గదులు గదులుగా కణాలు, ప్రతి గదీ ఊదారసంతో నిండుగా ఉంటుంది. దాని మీద ఉప్పునీటి చుక్క వేస్తే కళ్ళ ముందే ఆ ఊదా ముద్ద గోడ వదిలేసి నడిమికి ముడుచుకుపోయేది. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. కణానికి ఉన్న పల్చటి పొర నీటిని పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకని లోపలి నీళ్ళే బయటికి పోతాయి. లోపలా బయటా సాంద్రత సమానమైతే ఎక్కడి నీళ్ళు అక్కడే. బయట ఉత్త నీళ్ళుంటే కణం తాగి బిగుసుకుంటుంది. గింజ ఉబ్బి మొలకెత్తాలంటే ఆ బిగువే కావాలి. ఈ ప్రయోగంలో నాకు పదికి పది మార్కులు వచ్చాయి. పదికి పది వచ్చినవాణ్ణి తడిమన్నులో దాహంతో ముడుచుకున్న గింజను చేతిలో పట్టుకుని చచ్చిపోయిందన్నాను.

ఇదంతా ఆమెకు చెప్పాలని గెనిమ మీద పుల్లతో గీతలు గీయడం మొదలుపెట్టాను. ద్రావణం, గాఢత, పొర అని తంటాలు పడుతుంటే ఆమె మధ్యలోనే ఆపేసింది.

"అంత దూరమెందుకు సార్. మామిడికాయ ముక్కలకి ఉప్పేసి జాడీలో పెడితే రెండు దినాలకి ఊట వస్తాది. ఆ నీళ్ళు మేము పోసినవా? ముక్కలోనివే. ఉప్పు గుంజుకుంటాది, ముక్క ముడుసుకుంటాది. నా ఇత్తనం పది దినాలుగా ఊరగాయ జాడీలో కూసోనుండాది, అంతేనా?"

అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. నాలుగేళ్ళ చదువును ఆమె జాడీలో వేసి మూత పెట్టింది. చివరి నాలుగు సాళ్ళ సంగతి కూడా అప్పుడే తేలింది. అక్కడికి వచ్చేసరికి ఎరువు అయిపోయి, ఒడిలో ఉత్త విత్తనమే మిగిలిందట.

"మల్ల ఊరగాయ ముక్కని ఎన్ని నీళ్ళల్లో ఏసినా మామిడికాయ కాదు గదా సార్" అన్నాడు మరిది. ఆ మనిషికి నోరు చెడ్డది గానీ బుర్ర మంచిది. అతను అడిగిందే అసలు ప్రశ్న. గాజుపలక మీద కూడా అంతే. ఉప్పునీటిని వెంటనే ఉత్త నీళ్ళతో కడిగేస్తే ముడుచుకున్న ముద్ద మళ్ళీ పొంగి గోడను అంటుకునేది. ఆలస్యమైతే ఇక రాదు, కణం చచ్చినట్టే. గింజలన్నీ తిరగేసి చూశాను. కొన్నింటికి మొలక ముక్కు కొద్దిగా పొడుచుకువచ్చి గోధుమరంగుకు మాడిపోయింది. అవి పోయినట్టే. ఎక్కువ గింజలకు ఇంకా ముక్కే రాలేదు. వాటికి ప్రాణం మిగిలి ఉండొచ్చు.

"పెద్ద వాన పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది, అవే మొలుస్తాయి. పడకపోతే నేలలోనే కుళ్ళిపోతాయి. లేదంటే ఇప్పుడే తవ్వి తీసి, కడిగి, ఆరబెట్టి, వాన వచ్చాక మళ్ళీ విత్తాలి. ఏది మంచిదో నేను కచ్చితంగా చెప్పలేనమ్మా" అన్నాను. ఆ ఉద్యోగంలో చేరాక, చెప్పలేను అనడం అదే మొదటిసారి.

ఆమె ఆకాశం వైపు చూసింది. మబ్బు లేదు. "తీద్దాం" అంది.

ఎకరం నేలలో విత్తిన గింజలు తవ్వి తీయడం అంటే ఎవరైనా నవ్వుతారు. మా పై అధికారి తర్వాత నవ్వాడు కూడా. అయితే ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆ ఊరి ఆడవాళ్ళు ప్రతి ఏడూ చెనిక్కాయ పెరికిన తర్వాత, నేలలో తెగి మిగిలిపోయిన కాయల్ని గుల్లగుల్లగా తవ్వి ఏరుకుంటారు. మన్నులో కాయ ఎక్కడుందో వాళ్ళ వేళ్ళకు తెలుసు. పైగా అక్కడ ముయ్యాళ్ళ పద్ధతి ఉంది. ఈ రోజు నువ్వు నా చేనికి వస్తే, రేపు నేను నీ చేనికి వస్తాను. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు పొద్దున్నే ఇరవై మందికి పైగా కలుపు తీసే తొలికలు పట్టుకుని వచ్చి సాళ్ళ వెంబడి బారులుగా కూర్చున్నారు.

"ఏం సార్, ఈ ఏడు మొలవకముందే కోతకొచ్చిందే మీ పంట!" అని ఒకామె అంది. చేను చేనంతా నవ్వింది. నేను కూడా ఒక తొలిక తీసుకుని కూర్చున్నాను. నేను ఒక సాలు ముగించేసరికి వాళ్ళు ఆరు ముగించారు. నన్ను లేపి నీళ్ళు మోసే పని ఇచ్చారు, అది నాకు తగ్గ పని.

ఆ రోజూ, మర్నాడూ తీశారు. తీసిన గింజలను మూడు నీళ్ళల్లో కడిగాం. మొదటి నీళ్ళు చేదు, మూడో నీళ్ళు మామూలు. మాడిన ముక్కులవి ఏరి పారేసి, మిగతావి ఆమె ఇంటి నడవలో గోతాల మీద నీడన పరిచాం. ఆ తర్వాత వాన కోసం కూర్చున్నాం. నేను రోజూ సైకిలు మీద పోయి గింజలు చూసి, ఆకాశం చూసి, వాకిట్లో బీడీ కాలుస్తూ కూర్చున్న మరిదిని చూసి వచ్చేవాణ్ణి. మనసులో ఒకటే గుబులు. ఒక తప్పు మాటతో ఆమె చేను మొలవకుండా చేశాను, రెండో మాటతో ఉన్న విత్తనాన్ని కూడా నేలలోంచి పీకించాను. వాన రాకపోతే ఆ గుమ్మం తొక్కే ముఖం నాకు ఉండదు.

ఆరో రోజు సాయంత్రం వాన వచ్చింది. మంచి వాన. మర్నాడు ఎద్దులు ఎవరివో తెలుసా? మరిదివి. "వదిన కోసం కాదు సార్. ఊరగాయ మొలుస్తాదో లేదో సూడాలని" అన్నాడు. పాత సాలు పక్కనే, రెండు వేళ్ళ ఎడంతో కొత్త సాలు వేశాం. ఎరువు పాత సాలులో ముందే ఉంది, విత్తనం దాని పక్కన పడింది. నా రంగుల చార్టులోని బొమ్మ మొట్టమొదటిసారి నేల మీద సరిగ్గా దిగింది, నా ప్రమేయం లేకుండానే.

మొలిచింది. పలచగా మొలిచింది, అబద్ధం చెప్పను. అక్కడక్కడా మూడేసి, నాలుగేసి మొక్కల మేర ఖాళీలు. ఆ ఖాళీల్లో ఆమె కంది పెట్టింది. నేను ఆఫీసులో డైరీ తీసి "విత్తన దోషం" అన్న మాటలో విత్తనాన్ని కొట్టేసి పైన "సలహా" అని రాసి సంతకం పెట్టాను. పెద్దాయన చూసి, "ముప్పై ఏండ్ల సర్వీసులో ఈ దోషం యాడా సూడలేదప్పా. దీనికి ఫైలు గూడా లేదు" అన్నాడు. ఫైలు పుట్టింది. పై అధికారి నుంచి మెమో వచ్చింది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను, ప్రమోషను ఉత్తర్వులు ఎక్కడున్నాయో తెలియదు గానీ.

పంట పెరికిన రోజు వెళ్ళాను. చుట్టుపక్కల చేలకంటే తక్కువే వచ్చింది. కానీ తిండికీ, మళ్ళీ విత్తనానికీ సరిపోయింది. ఇంటి పెద్దలు గెనిమ మీద నిలబడి కుప్ప చూశారు.  మరిది కుప్పలోంచి ఒక కాయ తీసి చిట్లించి, గింజ నోట్లో వేసుకుని నమిలాడు.

"మూడు మునకలేసి గూడా లేసొచ్చిన ఇత్తనం ఇది. వదినా, వచ్చే కారుకి నాకూ రొండు మూటలు ఎత్తిపెట్టు" అన్నాడు. పెద్దలు ఇంకేమీ అడగకుండా చేను ఆమెదేనన్నారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని కాయలు ఏరే పనిలో పడింది. నేను అటు తిరిగి సైకిలు చైను సరిచేసుకున్నాను, అది బాగానే ఉన్నా.

మరుసటి ఏడు మళ్ళీ వానలొచ్చాయి. మళ్ళీ నెలవారీ మీటింగు వచ్చింది. హొసకోట బస్టాండులో బస్సు కదిలింది, మెట్టు మీద నా కాలు. వెనక నుంచి అదే గొంతు.

"సార్! ఒక మాట!"

కండక్టరు ఈల వేశాడు. నేను దిగేశాను. బస్సు పోయింది, దాంతోపాటు మొదటి వరసలో నా కుర్చీ కూడా పోయింది. ఆమె గంప దించి, ఆయాసపడుతూ నిలబడింది.

"చెప్పక్కా, ఏమైంది?" అన్నాను కంగారుగా.

"ఏమీ లేదప్పా" అంది. "దిగుతావో దిగవో సూద్దామని పిలిసినా."